రాజ్‌దూత్ 350 పాయింట్లు: రెండు పక్కలా చూడాల్సిందే

మా ఊరి నుంచి రాత్రిపూట జ్వరమొచ్చినోళ్లని ఘాట్ కిందికి దింపేది ఈ పాత రాజ్‌దూత్ 350 బండే తమ్ముళ్లూ. రెండు సిలిండర్లు, రెండు పాయింట్లు. ఒకటి సెట్ చేస్తే రెండోది దానంతటది కుదరదు.

ముందు గ్యాప్ 0.3 నుంచి 0.4 మి.మీ. మధ్య పెడతాం. గ్యాప్ కదిలితే టైమింగూ జరుగుద్ది, అందుకే టైమింగ్ తర్వాత. ప్లగ్ కన్నంలో డయల్ గేజ్ పెట్టి చూస్తే, పిస్టన్ పూర్తిగా పైకి రావడానికి ఇంకా 2 మి.మీ. ఉండగా పాయింట్ విడాలి. పాయింట్ తీగకీ ఇంజిన్‌కీ మధ్య చిన్న బల్బు కట్టి తాళం ఆన్ చేస్తే, విడిన క్షణమే వెలుగుద్ది. రెండో పక్కా అంతే, మళ్లీ మొదట్నుంచి.

ఒక పక్క టైమింగ్ ముందుకు జరిగినా బండి స్టార్టవుద్ది, అదే మోసం. ఎత్తెక్కేటప్పుడు ఆ పిస్టన్ కాగిపోయి కన్నం పడుద్ది. టౌన్లో ఎలక్ట్రానిక్ కిట్ పెట్టించమంటారు. మంచిదే, కానీ అడవిలో అది పోతే తోసుకురావాల్సిందే. పాయింట్లయితే ఉప్పుకాగితంతో రుద్ది ఇంటికొచ్చేస్తాం.