హార్స్‌లీ కొండ మీద ఎక్కుడూ దిగుడూ

మదనపల్లె నుండి హార్స్‌లీ కొండకు దాదాపు 30 కిలోమీటర్లు. వేరుశెనగ చేలూ టమోటా తోటలూ దాటిన తరువాత ఘాట్ రోడ్డు మొదలవుతుంది. అక్కడి నుండి మలుపు మీద మలుపు. పైన ఎత్తు 4,000 అడుగులకు మించి ఉంటుంది గనుక ఎండాకాలంలో సైతం చల్లని గాలి వీస్తుంది. పూర్వం దీనిని ఏనుగు మల్లమ్మ కొండ అనేవారు. మదనపల్లె ఇంకా కడప జిల్లాలో ఉన్న కాలంలో (చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడింది) కడప కలెక్టరు హార్స్‌లీ దొర ఎండలు తప్పించుకోవడానికి ఇక్కడ ఇల్లు కట్టుకొన్నాడు. ఊరివారు పెట్టుకొన్న పేరు వెనుకబడి దొర పేరు నిలిచిపోయింది.

అందరూ ఈ కొండకు గాలి కోసం వెళ్తారు. గత ఫిబ్రవరిలో మేము వెళ్ళింది వాలు కోసం. వినడానికి వింతగా ఉంటుంది గాని సంగతి ఇది. మా కుటుంబంలో పెద్దాయనకు 2022లో పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యీ ఎడమ కాలూ పడిపోయాయి. మాలో ఒకరికి ఆయన అన్న, ఒకరికి బావగారు. అందుచేత ఇక్కడ ఇద్దరమూ కలిసి పెద్దాయన అనే వ్రాస్తున్నాము. దేవుని కృప వలన మాట పోలేదు. ఏడాది తిరిగేసరికి చేతికర్రతో ఇంట్లోనూ వీధిలోనూ నడవసాగారు. అయితే ఆయన చేను రోడ్డుకు ఆరు అడుగుల పల్లంలో ఉంది. బండి దిగే దారి చాలా నిటారు. రెండేళ్ళుగా ఆయన రోడ్డు మీద నిలబడి చేను చూసి తిరిగి వస్తున్నారు. భూమి కౌలుకు పోయింది. ఉగాదికి కౌలు గడువు తీరుతుంది. మళ్ళీ ఇవ్వాలా, కొంతైనా తానే చేసుకోవాలా అన్నది ఆయన మనస్సులో నలుగుతున్న ప్రశ్న. ఆయన ఇల్లాలికేమో ఒకటే భయం, ఎక్కడ పడతారో అని.

ఆ భయం ఊరికే పుట్టినది కాదు. పక్షవాతం వచ్చినవారు పడినప్పుడు తుంటి ఎముక విరగడం ఎక్కువగా బలహీనమైన ప్రక్కనే జరుగుతుంది. ఆ ప్రక్కకే తూలుతారు. వాడకం తగ్గి ఆ ప్రక్క ఎముకే పలచబడి ఉంటుంది.

మదనపల్లెలో ఆయనకు వ్యాయామం నేర్పుతున్న ఫిజియోథెరపిస్టు అమ్మాయి ఒక మాట అన్నది: "సమంగా ఉన్న నేల మీద తాతగారు బాగా నడుస్తున్నారు. వాలు నేర్చుకోవడం వేరే చదువు." బి.పి. చూపించి, డాక్టరు గారు సరేనన్న తరువాతనే కొండకు బయలుదేరాము. కొండమీద అన్ని రకాల వాళ్ళూ దగ్గర దగ్గరగా ఉంటాయి. మెల్లని వాలు, నిటారు వాలు, ప్రక్కకు ఒరిగిన రోడ్డు, మెట్లు, చివరకు బండరాయి. కారు పైదాకా వెళ్తుంది గనుక అలసిపోకముందే నడక మొదలుపెట్టవచ్చు.

దారిలో ఆరోగ్యవరం ముందు ఒక నిమిషం ఆగాము. క్షయకు మందు లేని రోజులలో, 1915లో, అనేక మిషనులు ఒక్కటై నడిపిన శానిటోరియం అది. డేనిష్ మిషనరీ డాక్టరు ఫ్రిమాట్ మోలర్ గారి పేరు మా పెద్దలు ఇప్పటికీ చెప్తారు. ఈ ప్రాంతపు పాతకాలం కుటుంబాలలో అక్కడ ఉండి వచ్చినవారు ఎవరో ఒకరు ఉంటారు.

పైన అతిథి గృహాల నుండి కిందికి దిగే తారు రోడ్డు మా మొదటి పాఠశాల. పెద్దాయన ఎక్కడం మొదలుపెట్టగానే తేడా కనిపించింది. మనం మిట్ట ఎక్కేటప్పుడు పాదం చీలమండ దగ్గర పైకి బాగా మడవాలి. మనకు తెలియకుండానే అది జరిగిపోతుంది. పక్షవాతం వచ్చిన కాలికి పిక్క బిగుసుకొని ఉంటుంది, పాదాన్ని పైకెత్తే కండకు బలం చాలదు. కాబట్టి కాలివేళ్ళు నేలకు తగులుతాయి. అవి తగలకుండా ఉండడానికి మనిషి తుంటిని పైకెత్తి, కాలిని గడ్డి కోసే కొడవలిలాగ ప్రక్క నుండి తిప్పి ముందుకు వేస్తాడు. వేసిన తరువాత మడమ సరిగా ఆనదు, మోకాలు వెనక్కి బిగుసుకుంటుంది. ఆరోగ్యవంతుడికి ఆయాసం రాని దూరానికి ఆయనకు ఆయాసం వచ్చేది ఇందుకే. ఇరవై అడుగులకొకసారి నిలబడ్డారు. మేము మడత కుర్చీ పట్టుకొని వెనుకనే నడిచాము. నిజానికి ఆ కుర్చీ లేకపోతే ఆ రోజు సగం నడక కూడా అయ్యేది కాదు.

దిగడం సులువని అందరూ అనుకుంటారు. దిగేటప్పుడే ప్రమాదం. కిందికి వేసే ప్రతి అడుగులోనూ వెనుకనున్న కాలి మోకాలు కొంచెం కొంచెంగా మడుస్తూ, బరువును ఆపుతూ, శరీరాన్ని దించాలి. గిలక బావిలో నీళ్ళతో ఉన్న కడవను తాడు జారనివ్వకుండా దించినట్టు. తొడ ముందు కండ చేసే పని అది. ఆ కండ బలహీనమైతే మోకాలు ఒక్కసారిగా వంగిపోతుంది. అందుకనే పెద్దాయన కుడి కాలు గబుక్కున, పొట్టి అడుగు వేస్తున్నారు. ఎడమ కాలు తనను ఎక్కువసేపు మోయలేదని ఆయన శరీరానికి తెలుసు. చూసేవారికి మంచి కాలే కుంటుతున్నట్టు ఉంటుంది.

"ఎక్కేటప్పుడు కొండ నన్ను వెనక్కి లాగుతాది, దిగేటప్పుడు ముందుకు తోస్తాది. తోసేదానికే భయం రా" అన్నారాయన.

తోడు నడిచేవారు ఎక్కడ ఉండాలో కూడా ఇక్కడే బాగా అర్థమయింది. ఎప్పుడూ బలహీనమైన ప్రక్కనే, ఎప్పుడూ పల్లం వైపునే. ఎక్కేటప్పుడు ఒక అడుగు వెనుక, దిగేటప్పుడు ఒక అడుగు ముందు. పడిపోయిన చేతిని పట్టుకొని లాగరాదు. భుజం కీలు జారుతుంది. నడుముకు వెడల్పాటి బెల్టు కట్టి దానిని పట్టుకోవడం మేలు. కర్ర మంచి చేతిలోనే ఉండాలి. దిగేటప్పుడు ముందు కర్ర, తరువాత బలహీనమైన కాలు, ఆ తరువాత మంచి కాలు. నిటారుగా ఎక్కేటప్పుడు మంచి కాలే ముందు. కర్ర కింది రబ్బరు అరిగిపోతే వాలు మీద అది జారుతుంది. మేము పాతది తీసి కొత్తది వేయించి మరీ వెళ్ళాము. హవాయి చెప్పులు ఇంటి దగ్గరే మానిపించాము. పట్టు లేని పాదం నుండి చెప్పు ఎప్పుడు జారిపోయిందో ఆ మనిషికి తెలియదు.

ఆయన వేసుకొనే ప్లాస్టిక్ కాలిపట్టీ గురించి కూడా ఒక మాట. కదలని గట్టి పట్టీ సమమైన నేల మీద వేళ్ళు ఈడ్చుకుపోకుండా కాపాడుతుంది. వాలు మీద దాని గుణం మారుతుంది. దిగేటప్పుడు పాదం నేలకు వాలదు గనుక పట్టీ పిక్కను ముందుకు నెట్టి మోకాలిని వంచుతుంది. ఎక్కేటప్పుడు మోకాలిని వెనక్కి తోస్తుంది. చీలమండ దగ్గర కీలు ఉన్న పట్టీ కొందరికి సదుపాయంగా ఉంటుంది. ఏది ఎవరికి అన్నది కాలు చూసినవారే చెప్పాలి.

ఇంతకంటే మోసకారి ఇంకొకటి ఉంది, అది ప్రక్క వాలు. వాన నీరు పోవడానికి రోడ్లను నడుమ ఎత్తుగా, అంచులు పల్లంగా వేస్తారు. మన కంటికి అది ఆనదు. పెద్దాయన రోడ్డుకు ఎడమ అంచున నడిచినప్పుడు ఎడమ పాదం పల్లం వైపు పడి శరీరమంతా బలం లేని కాలి మీదికి ఒరిగింది. కుడి అంచుకు మారితే ఎడమ పాదం మిట్ట వైపు వచ్చింది. అక్కడ ఆ కాలిని మామూలు కంటే ఎక్కువ ఎత్తాలి, లేకపోతే వేళ్ళు తట్టుకుంటాయి, రెండుసార్లు తట్టుకున్నాయి కూడా. వాహనాలు లేనప్పుడు నడిరోడ్డే ఆయనకు మంచి దారి అని తేలింది. మనవాళ్ళు "అంచుకు రా, అంచుకు రా" అని ఎప్పుడూ పెద్దవాళ్ళను అదిలిస్తుంటారు!

మెదడు కుడి భాగానికి దెబ్బ తగిలి ఎడమ ప్రక్క పడిపోయినవారిలో కొందరికి ఎడమ ప్రక్క అన్నది ఒకటుందన్న ఎరుక తగ్గుతుంది. కన్ను చూస్తూనే ఉంటుంది, మనస్సు అటు పోదు. మొదటి రోజులలో పెద్దాయన కంచంలో ఎడమవైపు అన్నం అలాగే మిగిలిపోయేది. ఇప్పుడు చాలా నయం. అయినా లోయ ఎడమవైపు ఉన్న చోట మాలో ఒకరం తప్పకుండా అటు నడిచాము.

నీలగిరి చెట్ల కింద ఇంకొక చిక్కు. రాలిన కాయలు గోళీల్లాగ పాదం కింద దొర్లుతాయి. ఆ చెట్లను చూసి మురిసిపోవడానికి మనకు బాగుంటుంది గాని ఆయన చూపు నేల మీదనుండి తీయలేదు. కొండకు వచ్చి కొండను చూడలేని మనిషి! అందుకని ప్రతి విశ్రాంతి దగ్గరా కుర్చీని లోయ వైపు తిప్పి వేశాము.

సాయంకాలం గాలిబండ దగ్గరికి వెళ్ళాము. పేరుకు తగినట్టే అక్కడ గాలి పై కండువా నిలవనివ్వదు. విశాలమైన బండ, వాలుగా లోయ వైపు ఒరిగి ఉంటుంది. కుర్రవాళ్ళు అంచుదాకా పోయి ఫోటోలు తీసుకుంటున్నారు. పెద్దాయన బండ మొదట్లో నిలబడి, కర్రతో రెండు చోట్ల పొడిచి చూసి, "ఇది నాది కాదు" అని వెనక్కి తిరిగారు. ఎవరూ ఆయనను బలవంతపెట్టలేదు. ఏ వాలు తనదో, ఏది కాదో చెప్పగలగడం మాకు ఆ రోజు కనిపించిన గొప్ప మార్పు. అంతకుముందు ఆయన అన్నిటికీ వద్దనేవారు, లేదా అన్నిటికీ సై అనేవారు.

మెట్ల సంగతి చూస్తే ఆశ్చర్యం వేసింది. పొట్టి మెట్లు, ప్రక్కన పట్టుకొనే కమ్మీ ఉన్నచోట ఆయన నిటారు వాలు మీదకంటే ధైర్యంగా ఎక్కారు. మెట్టు మీద పాదం సమంగా ఆనుతుంది కదా. కాని కమ్మీ ఒక్క ప్రక్కనే ఉంది. ఎక్కేటప్పుడు అది ఆయన కుడి చేతికి అందింది. దిగేటప్పుడు అదే కమ్మీ ఎడమకు వచ్చింది. ఆ చెయ్యి పట్టుకోలేదు. చివరకు ముఖం మెట్ల వైపు పెట్టి, వెనక్కి వెనక్కి దిగారు. రెండు ప్రక్కలా కమ్మీ ఎందుకు కావాలో ఇంతకంటే బాగా ఎవరూ చెప్పలేరు. మా మందిరం ముందున్న ర్యాంపుకు కూడా ఒక్క ప్రక్కనే ఉంది. ఈ సంగతి సంఘ పెద్దలకు చెప్పాము, రెండవ కమ్మీకి పైపు కొన్నారు.

ర్యాంపు లెక్క చాలామందికి తెలియదు. మన దేశపు నియమాల ప్రకారం ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు ఉండాలి. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, పోలింగు కోసమని ఊరి బడులలో ర్యాంపులు కట్టారు. వాటిలో మేము చూసినవి కొన్ని సైకిలు ఎక్కించడానికి తప్ప మరెందుకూ పనికిరానంత నిటారుగా ఉన్నాయి. స్థలం చాలదంటారు. రెండు మలుపులుగా కడితే చాలుతుంది.

ఈ సందర్భంలో వేలూరు గుర్తుకు రాక మానదు. డాక్టరు మేరీ వర్గీస్ గారు 1954లో కారు ప్రమాదంలో వెన్నెముక దెబ్బతిని, చక్రాల కుర్చీలోనే డాక్టరుగా కొనసాగారు. ఆమె కృషితో 1966లో అక్కడి బాగాయంలో పునరావాస కేంద్రం తెరిచారు. మందుతో అయ్యే పని అయిపోయిన తరువాత కూడా మనిషికి నేర్పవలసినది చాలా ఉంటుందని ఆమె గట్టిగా నమ్మారు.

కొండ దిగి వచ్చిన వారం రోజులకు పెద్దాయన టేపు పట్టుకొని చేని దగ్గరికి వెళ్ళారు. ఆరు అడుగుల పల్లానికి 72 అడుగుల దారి. రోడ్డు కట్టను త్రవ్వకుండా, తన చేని గట్టు పొడవునా మన్ను పోయించి వాలు తీయించారు. నడుమ కుర్చీ పట్టేంత చదునైన చోటు ఒకటి. దారి ప్రక్కకు ఒరగకుండా మట్టపు బద్ద పెట్టి చూశారు. రెండు వైపులా నీలగిరి గుంజలు పాతి వాసాలు కట్టాము. రెండు ట్రాక్టర్ల మన్ను చాలుననుకొంటే అయిదు పట్టింది.

ఉగాది ముందురోజు ఆయన ఆ దారిన దిగారు. ఇల్లాలు ముందు నడిచింది, ఎడమ ప్రక్కన మాలో ఒకరం. దిగడానికి ఎనిమిది నిమిషాలు పట్టింది. కౌలుదారుతో అక్కడే మాట్లాడుకొన్నారు. భూమంతా విడిపించుకోలేదు. బావి ప్రక్క అర ఎకరం మాత్రం తనకు ఉంచుకొని టమోటా నారు పోయించారు, తక్కినది ఇంకొక ఏడాదికి అతనికే. తిరిగి ఎక్కేటప్పుడు నడుమనున్న చదునులో కూర్చొని నీళ్ళు త్రాగారు.

వానలు పడేలోగా ఆ మట్టి మీద కంకర పరవాలి, లేకపోతే జారుడు. ఒక ట్రాక్టరుకు చెప్పి ఉంచాము.