దాల్చినచెక్క డోనట్లు, అత్తయ్యగారి బాండీ

మావారికి స్టెంట్ వేసిన దగ్గర్నుంచి మా ఇంట్లో బాండీ పొయ్యెక్కలేదు. డాక్టరుగారు నూనె తగ్గించమన్నారు. నేను తగ్గించడం కాదు, ఏకంగా మానిపించేశాను. పెద్ద ఇనుప బాండీని అటక మీదకి ఎక్కించి, ఆ చోట్లో ఎయిర్ ఫ్రయ్యర్ పెట్టాను. అప్పుడు నాకు తట్టని సంగతి ఒకటుంది. ఆ బాండీ నాది కాదు, మా అత్తయ్యగారిది.

మాది కొండపల్లి. అత్తయ్యగారు కాపురానికొచ్చిన దగ్గర్నుంచి తెల్లపొణికి బొమ్మలకి రంగులు వేసిన మనిషి. అంబారీ ఏనుగు, తాడెక్కే గీతకార్మికుడు, తల ఊపే నాట్యకత్తె, అన్నీ ఆవిడ చేతుల్లోంచి వెళ్లినవే. చూపు తగ్గి బ్రష్ పక్కన పెట్టాక ఆవిడకి మిగిలింది పండగపూట గారెల వాయి ఒక్కటే. దాన్నీ నేనే లాగేసుకున్నాను. ఆవిడ గొడవ పెట్టుకోలేదు. "ఆ డబ్బా వచ్చిందిగా, ఇంక నాతో పనేముందమ్మా" అని ఒక్కసారి అన్నారంతే.

ఉగాదికి ఆ డబ్బాలోనే గారెలు వెయ్యబోయాను. పిండి జాలీ సందుల్లోంచి కారిపోయింది. కాగిన నూనెలో పడగానే పైపొర గట్టిపడుతుంది కాబట్టి గారె నిలబడుతుంది, వేడిగాలికి అంత బలమెక్కడిది? అత్తయ్యగారు ఓసారి చూసి, మాట్లాడకుండా లోపలికి వెళ్లిపోయారు.

మొన్న ఆదివారం మా పాప, బెజవాడలో తిన్న డోనట్ కావాలని పేచీ పెట్టింది. ఈస్ట్ వేస్తే పిండి పొంగడానికి గంట పైనే పడుతుంది. అందుకని తొందరగా అయ్యే పెరుగు పద్ధతి పట్టుకున్నాను. కప్పున్నర మైదా, రెండు టీస్పూన్ల బేకింగ్ పౌడర్, చిటికెడు ఉప్పు, ముప్పావు కప్పు గట్టి పెరుగు. పూరీపిండిలా పిసక్కూడదు, ముద్దయితే చాలు. ఎక్కువ పిసికితే సాగుతుంది.

మొదటి వాయి ఉండలు చేసి పెట్టాను. పైన మాడాయి, లోపల పచ్చి. పంచదారలో దొర్లిస్తే ఒక్క పలుకూ అంటలేదు. పాప మొహం వేలాడేసింది.

గుమ్మంలోంచి చూస్తున్న అత్తయ్యగారు ఇక ఆగలేకపోయారు. "మధ్యలో చిల్లు అందానికనుకున్నావా? అది లేకపోతే నడిమి ఉడకదు. గారెకైనా ఇంతే" అంటూ చెయ్యి తడుపుకుని, మిగిలిన ముద్దని ఎనిమిది భాగాలు చేసి, అరచేతిలో తట్టి బొటనవేలితో చిల్లులు పెట్టేశారు. కళ్లతో పని పడలేదు.

"మరి పంచదార?" అన్నాను.

"సున్నం పూత లేకుండా బొమ్మకి రంగెక్కుతుందా ఏంటి? ముందు ఏదో ఒకటి పుయ్యి."

కరిగించిన వెన్న పూశాను. మూడు నిమిషాలు ముందే వేడిచేసి, 180 డిగ్రీల్లో నాలుగు నిమిషాలు, తిరగేసి మరో మూడు. వేడి మీదే ఇంకోసారి పల్చగా వెన్న రాసి, అరకప్పు పంచదారలో టీస్పూన్ దాల్చినచెక్క పొడి కలిపి దొర్లించాం. ఈసారి చక్కగా అంటుకుంది. ఇల్లంతా ఘుమఘుమ.

మైదా, పంచదార, వెన్న ఉన్న వంటకమిది. నూనె లేదు కదాని గుండెకి మందనుకోకండి. మావారికి ఒక్కటే ఇచ్చాను. అత్తయ్యగారు ఒకటి తిని, "బాగానే ఉంది. కానీ గారె కాదు" అన్నారు. చాలా రోజుల తర్వాత ఆవిడ వంటింట్లో పీట వేసుకుని కూర్చున్నారు.

ఆ వారమే చెకప్‌కి వెళ్లినప్పుడు డాక్టరుగారిని గారెల గురించి అడిగాను. "పండగకి ఒకటీ రెండూ తిననివ్వండి. తగ్గించమన్నాను గానీ మానమన్నానా?" అన్నారు. ఇన్నాళ్లూ భయమంతా నాదే, శిక్ష మాత్రం ఆవిడకి.

ఇంటికొచ్చి బాండీ దించి, చింతపండుతో తోమి పెట్టాను. ఎయిర్ ఫ్రయ్యర్ కాస్త పక్కకి జరిగింది. మన ఇళ్లల్లో ఏదైనా అటకెక్కించేముందు, అది ఎవరిదో ఒక్కసారి అడుగుదామండీ.