అట్టలు వేసిన పుస్తకాలు

నరసాపురం రేవులో పంటు ఎక్కేసరికి తొమ్మిదిన్నరయింది. నాలుగు కార్లు, ఓ ట్రాక్టరు, సందు దొరికిన చోటల్లా మోటారు సైకిళ్లు, వాటి మధ్య ఒంటికాలి మీద మేము. వశిష్ఠ మీద ఇక్కడ వంతెన లేదు. నీళ్ల మీద పోవడం ఇష్టం లేనివాళ్లు పైకి పోయి చించినాడ వంతెన దాటి, దిండి మీదుగా చుట్టూ తిరిగి రావాలి. పంటు దిగితే సఖినేటిపల్లి. రేవులో ఆటోవాళ్లంతా "అంతర్వేదేనాండీ?" అని చుట్టుముట్టారు. కాదయ్యా, ఊళ్లోకే, లెక్కల మాస్టారింటికి అంటే ఒకతను నవ్వి "ఆయ్, నాకూ చెప్పారండి ఆయన" అన్నాడు. "వచ్చాయా లెక్కలు?" అన్నాను. "బేరానికి సరిపడా వచ్చాయండి."

ఎందుకు వెళ్లానో ముందే చెప్పేస్తాను. మా అబ్బాయి తొమ్మిదో తరగతి వయసులో రెండేళ్లు ఇంట్లోనే చదివాడు. ఆ రెండేళ్లలో వాడి లెక్కల పుస్తకం మూడుసార్లు మార్చాను. ఒకటి నెమ్మదిగా ఉందని, ఒకటి కష్టంగా ఉందని, మూడోది ఎవరో బాగుందన్నారని. చివరికి వాడికి మూడు పుస్తకాల్లోనూ మొదటి నాలుగు అధ్యాయాలు బ్రహ్మాండంగా వచ్చాయి. ఐదోది ఒక్కదాంట్లోనూ రాలేదు. తప్పు పుస్తకాలది కాదు, నాదే. సఖినేటిపల్లిలో ఒక రిటైరైన మాస్టారు తన మనవరాలికి పదమూడేళ్లు నిండాక లెక్కల పుస్తకం మార్చి ఒడ్డున పడేశారని మిత్రుడొకడు చెబితే, ఎలా చేశారో చూద్దామని బయల్దేరాను.

పెంకుటిల్లు, ముందు అరుగు, వెనక ఎకరం చిల్లర కొబ్బరితోట. మాస్టారు అరుగు మీదే ఉన్నారు. "రండి రండి, పంటు తొందరగానే దొరికిందే" అన్నారు. మామ్మగారు బొండాం కొట్టించి ఇచ్చారు. పిల్ల గుమ్మంలోంచి ఒకసారి చూసి లోపలికి పోయింది.

కథ కోనసీమలో వినేదే. అల్లుడూ కూతురూ మస్కట్‌లో ఉంటారు. పిల్ల అక్కడ ఐదో తరగతి దాకా సీబీఎస్ఈ బడిలో చదివింది. తర్వాత వాళ్లమ్మ ఉద్యోగం మానేసి ఇంట్లోనే చెప్పడం మొదలుపెట్టింది. లెక్కలకు సింగపూర్ పద్ధతి పుస్తకాలు తెప్పించింది. సింగపూర్ విద్యాశాఖ 1980ల్లో తయారుచేసిన పద్ధతది. వస్తువు చేతికిచ్చి, తర్వాత బొమ్మ గీయించి, ఆ తర్వాతే అంకెల్లోకి దించుతారు. బొమ్మంటే కడ్డీలు. తెలియని సంఖ్యకు ఒక కడ్డీ, దానికి మూడు రెట్లంటే మూడు కడ్డీలు. నిరుడు కూతురు మళ్లీ ఉద్యోగంలో చేరడంతో పిల్ల తాతగారింటికి వచ్చింది. ఏడాది మధ్యలో బళ్లో వేయడం ఇష్టం లేక ఆయనే కూర్చోబెట్టుకున్నారు.

"ఇంకేముంది, ముప్ఫై ఏళ్లు చెప్పినవాణ్ని, పదో తరగతి పుస్తకం తీసి మొదలెట్టేద్దామనుకున్నానండి. వారంలో తెలిసొచ్చింది, నేను చెప్పేది దానికి ఎక్కడం లేదని. తెలివి లేక కాదు. ఈ పుస్తకం అది చదివిన పుస్తకం తర్వాతది కాదు."

దారి తప్పామని గ్రహించాక ఆయన ఇంకో తప్పు చేశారట. పునాది బాగుచేద్దామని ఇరవయ్యో ఎక్కం దాకా అప్పజెప్పమన్నారు. పిల్ల ఏడ్చి పుస్తకం మూసేసింది. పది రోజులు తెరవలేదు. ఈ ముక్క చెప్పింది ఆయన కాదు, మామ్మగారు. మాస్టారు తల వంచుకుని అరుగు మీద వేలితో గీతలు గీస్తూ కూర్చున్నారు.

ఆ పది రోజుల్లో ఆయన తయారుచేసిందాన్నే ఆ ఇంట్లో 'జల్లెడ' అంటున్నారు. నాకు చూపించారు. పొడుగు కాగితం మీద చేత్తో రాసిన నలభై లెక్కలు. ఐదో తరగతి నుంచి తొమ్మిది దాకా ఉన్నవే, కానీ తరగతి వరసలో లేవు, కలగలిపి ఉన్నాయి. టైము లేదు, మార్కులు లేవు. ఏది నిలిచింది, ఏది జారిపోయిందో చూడటానికే. భిన్నాలు, నిష్పత్తులు, శాతాలు, మాటల లెక్కలు నిలిచాయి. మాటల లెక్కల్లో మాస్టారి పాత విద్యార్థుల కన్నా పిల్లే చురుకట. జారిపోయినవి మూడు: కుండలీకరణం ముందు రుణ గుర్తు, ఘాతాంకాలు, 'నిరూపించండి' అని అడిగే ప్రతి ప్రశ్నా. కొలిచి చూపిస్తే చాలదు, ఎందుకలాగో వాదించి ఒప్పించాలి అన్న మాట దానికి ఎవరూ చెప్పలేదు. ఇక్కడి తొమ్మిదో తరగతి పుస్తకం యూక్లిడ్‌తో ఆ పని మొదలుపెడుతుంది. పిల్ల చదివిన పుస్తకాల వరస అక్కడిదాకా రాలేదు.

ఇక్కడ నాకు నా మూడు పుస్తకాలూ గుర్తొచ్చాయి. పుస్తకం మారిస్తే అంతరం ఏర్పడుతుందని తెలుసు. కానీ నేను ప్రతిసారీ కొత్త పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాను. తెలిసిందే మళ్లీ చెప్పాను, తెలియంది ఎక్కడుందో వెతకలేదు.

ఈ అతుకుల బాధ ఇళ్లల్లో చదివే పిల్లలదే కాదు. మన పదో తరగతి లెక్కల పుస్తకంలో నిన్న మొన్నటిదాకా సమితులుండేవి, సంవర్గమానాలుండేవి, గుణశ్రేఢి ఉండేది. ఆంధ్రప్రదేశ్ 2024-25లో పదో తరగతికి ఎన్‌సీఈఆర్‌టీ సిలబస్ తెచ్చింది. ఆ పుస్తకంలో ఇవేవీ లేవు. ఆ సిలబస్‌లో సమితులు పదకొండో తరగతిలో వస్తాయి. పదో తరగతి పుస్తకంలో 14 అధ్యాయాలు, అంక శ్రేఢితో సరి. ఏది మంచిదని వాదించుకోవచ్చు గానీ, ఆ ఏడాది పాత పుస్తకం చదివిన అన్నయ్య నోట్సు పెట్టుకుని కూర్చున్న తమ్ముడి సంగతి ఎవరికి పట్టింది? మాస్టారు ఇంకా వెనక్కి పోయారు. పదకొండో శతాబ్దంలో పావులూరి మల్లన మహావీరాచార్యుల సంస్కృత 'గణితసార సంగ్రహం' తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు కదా, ఉన్నదున్నట్టు దించలేదు, కొన్ని వదిలాడు, కొన్ని లెక్కలు సొంతంగా చేర్చాడు. "ఎదురుగా కూర్చున్నవాణ్ని చూసి చేర్చుంటాడు" అని మాస్టారి ఊహ. ఊహే అనుకోండి, నాకు నచ్చింది.

పదకొండింటికి పిల్ల బయటికొచ్చింది. చేతిలో పలక! పద్నాలుగేళ్ల పిల్ల చేతిలో పలకేమిటని నేను చూస్తుంటే, "తప్పయితే తుడిచేయొచ్చండి, పుస్తకంలో అయితే అలా ఉండిపోతుంది" అంది. పక్కన నాలుగు పుస్తకాలు, అన్నిటికీ ఖాకీ అట్టలు. మీద పేరు లేదు, తరగతి లేదు. ఆరో తరగతి పుస్తకం చేతికిస్తే ఏ పద్నాలుగేళ్ల పిల్ల ఒప్పుకుంటుంది? అందుకని మాస్టారు అన్నిటికీ ఒకే అట్ట వేసేశారు. పిల్లకు లోపల ఏముందో తెలియదా అంటే తెలుసు. కానీ ఇంటికొచ్చిన చుట్టాలకు తెలియదు, అదీ కావలసింది.

ఆయన ఒక లెక్క చెప్పారు. అక్క దగ్గర చెల్లి దగ్గరున్నవాటికి మూడు రెట్లు కాయలున్నాయి. అక్క చెల్లికి నలభై ఇచ్చేస్తే ఇద్దరికీ సమానం. పిల్ల పలక మీద మూడు కడ్డీలు, కింద ఒక కడ్డీ గీసింది. పై మూడింట్లో ఒకటి కిందికి జరిపి, జరిపిన ఆ కడ్డీయే నలభై అనేసింది. చెల్లికి 40, అక్కకు 120. నేనింకా ఎక్స్ రాసుకుంటున్నాను.

"ఇదేనండి చిక్కు" అన్నారు మాస్టారు. "కడ్డీతో ఇంత సులువుగా వచ్చేస్తుంటే దానికి ఎక్స్ ఎందుకు? నేనైనా నేర్చుకోను." ఎక్స్ వాడమని ఆయన బలవంతం చేయలేదట. కడ్డీ విరిగే లెక్క ఇచ్చారు. తోట పొడవు వెడల్పు కన్నా 3 మీటర్లు ఎక్కువ, వైశాల్యం 180 చదరపు మీటర్లు. కడ్డీని కడ్డీతో గుణించాలంటే బొమ్మ పలక మీంచి జారిపోతుంది. రెండు రోజులు గింజుకుని "తాతయ్యా, మీ ఎక్స్ ఇలా ఇవ్వండి" అందట. 12, 15.

ఆయన పెట్టుకున్న నియమాల్లో ఒకటి మాత్రం రాస్తాను. కొత్త పుస్తకం ఐదు రోజులు. శనివారం పాత సింగపూర్ పుస్తకమే. పిల్ల గెలిచే రోజు వారంలో ఒకటుండాలని. కొత్త పుస్తకం కుదురుకోవడానికి ఐదు నెలలు పట్టిందన్నారు. ఇప్పుడు శనివారం పుస్తకం పిల్లే మానేసిందట.

ఒక్క విషయంలో ఆయనతో నాకు కుదరలేదు. ఆయన 'అకరణీయ సంఖ్య' అంటారు, పిల్లకు 'రేషనల్ నంబర్' తెలుసు. పరీక్ష ఇంగ్లీషులోనే రాస్తుంది, మరి ఈ బరువెందుకు అన్నాను. ప్రభుత్వం వేసే రెండు భాషల పుస్తకం తీసి చూపించారు. ఒక పేజీలో తెలుగు, ఎదుటి పేజీలో ఇంగ్లీషు. తెలుగు ఆయన చదువుతారు, ఇంగ్లీషు పిల్ల చదువుతుంది, మధ్యలో పోట్లాడుకుంటారు. బరువు అనే ఇప్పటికీ అనుకుంటున్నాను గానీ, ఆ పోట్లాట అయిదు నిమిషాలు విన్నాక గట్టిగా అనలేను.

భోజనానికి ముందు వెనక తోటలోకి తీసుకెళ్లారు. మూడు మేకులు, కొబ్బరితాడు. ఎనిమిదేసి మీటర్ల దూరంలో చెట్లు చదరంగా నాటితే ఒక్కో చెట్టుకు 64 చదరపు మీటర్లు, ఎకరానికి సుమారు 63 చెట్లు. అదే దూరంలో ముక్కోణంగా నాటితే? పిల్ల తాడు పట్టుకుని మూడు మేకులూ పాతింది. ఏ రెండింటి మధ్య కొలిచినా ఎనిమిదే. కానీ వరసకూ వరసకూ మధ్య కొలిస్తే ఏడు మీటర్లకు ఇంచుమించు నాలుగు వేళ్లు తక్కువ. "ఎందుకు తగ్గింది?" అన్నారు మాస్టారు. పిల్ల పలక తీసి ఎనిమిది ఇంటూ రూట్ మూడు బై రెండు అని రాసి, కింద 6.93 వేసింది. చెట్టుకు 55 చిల్లర, ఎకరానికి 73. పది చెట్లు ఎక్కువ. సైన్ అరవైని నేను పుస్తకంలో చూశాను, నేల మీద చూడటం ఇదే మొదలు.

"మీ తోటలో 73 ఉన్నాయా మాస్టారూ?"

"51. గట్లు, బోదె, పోయిన తుపాను. పుస్తకంలో తుపాను ఉండదు కదండీ."

చుట్టుపక్కల వాళ్లు మాత్రం ఇంకా అడుగుతూనే ఉన్నారట, ఆడపిల్లను బడికి పంపకుండా ఏం చేస్తారని. మామ్మగారికి ఆ మాట ముల్లే. ఆ భయం తప్పు కాదు. లెక్కల మాస్టారు లేని ఇంట్లో ఇది ఇంత సాఫీగా నడిచేది కాదు. సైన్సు ప్రయోగాలకు దారి లేదు, తోటి పిల్లల్లేరు. సాయంత్రం రేవు గట్టు మీద సైకిలు తొక్కడానికి ఇద్దరు నేస్తాలున్నారు, అంతే. నన్నడిగితే ఇంటర్‌కైనా కాలేజీలో వేయాలి. ఆయన కాదనలేదు.

పరీక్షకు జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ, అదే ఎన్‌ఐఓఎస్, ఎంచుకున్నారు. పద్నాలుగేళ్లు నిండితే పదో తరగతికి పేరు నమోదు చేసుకోవచ్చు. అన్నీ ఒకేసారి రాయనక్కర్లేదు, ఐదేళ్లలో తొమ్మిది అవకాశాలుంటాయి. వాళ్ల గణితం పుస్తకం వేరు. అంటే మళ్లీ పుస్తకం మారుతుంది. ఆ మాట అనగానే నేను కంగారుపడ్డాను. పిల్ల పడలేదు. అరుగు మీద పొడుగు కాగితం పరిచి, ఆ పుస్తకం ముందేసుకుని, ఈసారి జల్లెడ తనే రాసుకుంటోంది. నేను బయల్దేరే వేళకు ఇరవై రెండో లెక్క దగ్గరుంది.

ఏప్రిల్‌లో గణితం ఒక్కటే రాస్తుందట. మిగతా సబ్జెక్టులు అక్టోబరులో.