ఆఖరి ఓవర్ ఎవరికివ్వాలి? సున్నిపెంటలో ఇదే చర్చ!

హైదరాబాదు నుంచి శ్రీశైలం వెళ్లే బస్సులు సున్నిపెంట మీదుగానే పోతాయి. కానీ అక్కడ దిగే యాత్రికులు తక్కువ. మల్లన్న దర్శనానికి కొందరికి తొందర. గేట్లెత్తారట, చూసొద్దామని ఇంకొందరికి హడావుడి. అందుకే ఆ ఊరు చాలామందికి కిటికీలోంచి కనిపించి మాయమయ్యే నాలుగు దుకాణాలూ, చెట్ల మధ్య పాత క్వార్టర్లూ... అంతే!

ఓ పూట ఆగి చూస్తే తెలుస్తుంది, అదెంత కబుర్ల ఊరో. అందులోనూ క్రికెట్ కబుర్లు!

అడవిలో పుట్టిన కాలనీ

పేరు విని నవ్వుకునేవాళ్లుంటారు. నల్లమలలో 'పెంట' అంటే చెంచుల గూడెం. ఈగలపెంట, దోమలపెంట, సున్నిపెంట... అన్నీ అలా వచ్చిన పేర్లే. కొందరు సుండిపెంట అనీ అంటారు. 1963 జులై 24న అప్పటి ప్రధాని నెహ్రూ శ్రీశైలం ప్రాజెక్టుకి శంకుస్థాపన చేశాక ఈ గూడెం రూపమే మారిపోయింది. ఇంజినీర్లూ, ఫోర్‌మెన్లూ, వర్క్‌చార్జ్‌డ్ ఉద్యోగులూ, కూలీలూ తలోదిక్కు నుంచీ వచ్చి ఇక్కడే కాపురాలు పెట్టారు. అందుకే ఇక్కడి మాటలో ఒక యాస ఉండదు. కర్నూలు, గుంటూరు, ఒంగోలు, పాలమూరు అన్నీ కలగలిసి వినిపిస్తాయి.

1980ల్లో డ్యామ్ నిండటం మొదలయ్యాక పని తగ్గింది. ఉద్యోగులు బదిలీలపై వెళ్లారు. క్వార్టర్లు కొన్ని ఖాళీ అయ్యాయి. అయినా ఊరు నిలిచింది. 2022 ఏప్రిల్లో కొత్త జిల్లాలొచ్చినప్పుడు కర్నూలు జిల్లా నుంచి నంద్యాల జిల్లాలోకి వచ్చింది. డ్యామ్‌కి కుడివైపు ఆంధ్రప్రదేశ్, ఎడమవైపు తెలంగాణ. నీళ్ల దగ్గర రెండు రాష్ట్రాలకూ లెక్కలు తేలవు. బౌలర్ మహమ్మద్ సిరాజ్ దగ్గరికొచ్చేసరికి మాత్రం రెండు ఒడ్డులవాళ్లూ 'మనోడే' అంటారు. అసలు గొడవ ఆ తర్వాతే మొదలవుతుంది!

'ఆటో నడుపుకోమన్నారు కదా!'

సాయంత్రం టీ కొట్టు దగ్గర నలుగురు చేరితే చాలు. ఈసారి విషయం పాతదే... చివరి ఓవర్లు సిరాజ్‌కి ఇవ్వొచ్చా, ఇవ్వకూడదా?

'ఇవ్వకూడదన్నా! కొత్త బంతి ఇయ్యి, ప్రాణం పెడతాడు. చివర్లో ఇస్తే మన ప్రాణం తీస్తాడు' అన్నాడో కుర్రాడు.

వాడి దగ్గర సాక్ష్యమూ ఉంది. 2019 ఏప్రిల్ 5న బెంగళూరులో రాయల్ ఛాలెంజర్స్ 205 పరుగులు చేసింది. కోల్‌కతా గెలవాలంటే చివరి మూడు ఓవర్లలో 53 కొట్టాలి. 18వ ఓవర్ సిరాజ్‌ది. రెండు బీమర్లు పడటంతో అంపైర్లు అతన్ని ఆపేశారు. ఓవర్ మరొకరు పూర్తిచేయాల్సి వచ్చింది. రసెల్ 13 బంతుల్లో 48 కొట్టాడు. ఐదు బంతులు మిగిలుండగానే మ్యాచ్ అయిపోయింది.

'మరి 19వ ఓవర్లో సౌథీ 29 ఇచ్చాడు కదా, అతని పేరెత్తవేం?' పక్కనున్నాయన అడ్డుకున్నాడు. ఆ రోజుల్లో తనకొచ్చిన తిట్లను సిరాజే తర్వాత చెప్పుకున్నాడు. క్రికెట్ మానేసి మీ నాన్నతో ఆటో నడుపుకో అన్నారట. తండ్రి హైదరాబాదులో ఆటో నడిపే పిల్లల్ని పెంచాడు మరి. అభిమానులు ఆటను వదిలి ఇంటిదాకా పోతే ఎంత దూరం పోతారో ఆ ఒక్క మాట చాలు.

మరుసటి ఏడాదే, 2020 అక్టోబరు 21న, అదే కోల్‌కతా మీద అబుదాబిలో అతని లెక్క... 4 ఓవర్లు, 2 మెయిడెన్లు, 8 పరుగులు, 3 వికెట్లు! ఒకే ఐపీఎల్ మ్యాచ్‌లో రెండు మెయిడెన్లు వేసిన తొలి బౌలర్ అతనే.

'చూశావా? అది కొత్త బంతి! నేనన్నదీ అదే' అని కుర్రాడు చెయ్యి చాపాడు.

పెద్దాయన మాట

ప్రాజెక్టులో చేసి రిటైరైన ఓ పెద్దాయన అంతవరకూ టీ తాగుతూ వింటున్నాడు. 'అబ్బీ, 2009 అక్టోబరు గుర్తుందా నీకు?' అన్నాడు.

కుర్రాడికెలా గుర్తుంటుంది! ఆ నెల మొదట్లో కృష్ణకు ఎవరూ ఊహించనంత వరద వచ్చింది. పూర్తి మట్టం 885 అడుగులైతే నీళ్లు 896 అడుగులు దాటాయి. దాదాపు 25 లక్షల క్యూసెక్కులు వచ్చిపడ్డాయి. 12 గేట్లూ ఎత్తినా మట్టం పెరుగుతూనే ఉంది. సున్నిపెంటలో ఆ రోజుల గురించి చెప్పని ఇల్లుండదు. డ్యామ్ నిలిచింది.

'నిలిచింది కాబట్టి మర్చిపోయినారు. ఏమైనా అయ్యుంటే ఆ రాత్రి గేట్ల దగ్గరున్నోళ్ల పేర్లు ఇప్పటిదాకా తిట్టుకునేవాళ్లు. ఆఖర్లో నిలబడేవాడి బతుకంతే' అన్నాడు పెద్దాయన.

కుర్రాడు తగ్గలేదు. 'అందుకే సార్, ఆ పనికి సరైనోణ్నే పెట్టాలి. పాపం అని పెడతామా?'

నిజమే కదా! 2025 జనవరి 18న ఛాంపియన్స్ ట్రోఫీ జట్టు ప్రకటించినప్పుడు కెప్టెన్ రోహిత్ శర్మ చెప్పిందీ ఇంచుమించు ఇదే. కొత్త బంతి ఇవ్వకపోతే సిరాజ్ ప్రభావం కాస్త తగ్గుతోందన్నాడు. అతన్ని పక్కనపెట్టారు. మార్చి 9న దుబాయ్‌లో ఇండియా కప్పు కూడా గెలిచింది. ఆ నిర్ణయాన్ని తప్పని ఎలా అంటాం?

అమెరికాలోనూ ఇదే పంచాయితీ

సెలవులకు అమెరికా నుంచి వచ్చిన కాలనీ కుర్రాడొకడు అక్కడి బేస్‌బాల్ సంగతి చెప్పాడు. మొదటి పిచర్ అలసిపోతే వచ్చేవాణ్ని రిలీఫ్ పిచర్ అంటారు. ఆధిక్యాన్ని చివర్లో కాపాడే బాధ్యత క్లోజర్‌ది. అలా కాపాడితే 'సేవ్' అని లెక్క రాస్తారు. 1969 నుంచి అది అధికారిక గణాంకం. రెండు మ్యాచ్‌లు పోగొడితే చాలు, వీణ్ని మార్చాలా వద్దా అని అభిమానులు రోజుల తరబడి కొట్టుకుంటారు.

ఈ లెక్కలో అందరికన్నా ముందున్నవాడు న్యూయార్క్ యాంకీస్ ఆటగాడు మరియానో రివెరా. 652 సేవ్‌లు! 2019లో ఓటేసినవారంతా ఒక్కరూ మినహా లేకుండా అతన్ని హాల్ ఆఫ్ ఫేమ్‌కి ఎన్నుకున్నారు. అంతటివాడే 2001 వరల్డ్ సిరీస్ ఏడో మ్యాచ్ ఆఖర్లో ఆధిక్యం పోగొట్టాడు. కప్పు అరిజోనాకి పోయింది. యాంకీస్ మాత్రం అతన్ని ఆ స్థానం నుంచి తప్పించలేదు. 2009లో మళ్లీ కప్పు గెలిచినప్పుడు ఆఖర్లో బంతి అతని చేతిలోనే ఉంది.

పాత బంతితోనే...

చివరికి చర్చ ఓవల్ చేరింది. 2025 ఆగస్టు 4, అయిదో రోజు ఉదయం. ఇంగ్లండ్ గెలవాలంటే 35 పరుగులు. చేతిలో నాలుగు వికెట్లు. ముందురోజు బ్రూక్ 19 దగ్గరున్నప్పుడు సిరాజ్ క్యాచ్ పట్టి బౌండరీ గీత తొక్కాడు. అతను 111 కొట్టాడు. మ్యాచ్ పోతే ఆ పాపం ఎవరి నెత్తినపడేదో వేరే చెప్పాలా?

80 ఓవర్లు దాటాక కొత్త బంతి తీసుకోవచ్చు. మనవాళ్లు తీసుకోలేదు. ఆ పాత బంతితోనే సిరాజ్ చివరి వికెట్ పడగొట్టాడు. ఇండియా 6 పరుగులతో గెలిచింది. అతనికి ఆ ఇన్నింగ్స్‌లో 5, సిరీస్‌లో 23 వికెట్లు.

'పాత బంతి పనికిరాదంటివే!' అని అంతా కుర్రాడి మీద పడ్డారు. 'ఎర్ర బంతి వేరు, తెల్ల బంతి వేరన్నా' అని వాడు నవ్వాడు. అదీ సబబే. ఎవరూ ఓడిపోలేదు. ఒక్కటి మాత్రం అందరూ ఒప్పుకున్నారు. ఏ ఓవర్ ఎవరికివ్వాలో ఎంతైనా వాదించుకోవచ్చు. ఓడినరోజు అతని తండ్రి ఆటో ఊసెత్తడం మాత్రం ఆట మాట కాదు.

ఎలా వెళ్లాలి?

హైదరాబాదు నుంచి మన్ననూరు, దోమలపెంట, ఈగలపెంట మీదుగా రావాలి. డ్యామ్ దిగువన వంతెన దాటి, లింగాలగట్టులో వేడివేడి చేపలు రుచి చూసి ఘాట్ ఎక్కితే సున్నిపెంట. నంద్యాల నుంచైతే ఆత్మకూరు, దోర్నాల దారి. రైల్లో వచ్చేవారు మార్కాపురం రోడ్ స్టేషన్లో దిగొచ్చు. ఇది పులుల అభయారణ్యం. రాత్రిపూట అడవి దారిలో వాహనాలను వదలరు కాబట్టి పగలే బయల్దేరండి. పిల్లలుంటే ఊళ్లోని అటవీశాఖ జీవవైవిధ్య కేంద్రం గురించి అడగండి. సాయంత్రానికి టీ కొట్టు దగ్గరికి చేరండి. సిరాజ్‌కి ఆఖరి ఓవర్ ఇస్తారో లేదో మాత్రం ముందే తేల్చుకుని వెళ్లండి. అడగకుండా వదలరు!