పావగడ మందల వెంట

కర్ణాటక పటం తీసి చూచినవారికి పావగడ తాలూకా కొంచెం విడ్డూరంగానే కనబడుతుంది. చేరినది తుమకూరు జిల్లాలో. ఇరుగుపొరుగు మాత్రం మడకశిర, పెనుకొండ, కల్యాణదుర్గం. బడిలో కన్నడం, ఇంట్లో తెలుగు, సంతలో రెండూ కలగలుపు. బెంగళూరిలోను, తుమకూరిలోను రెండు మూడు తరాలుగా స్థిరపడిన మన కుటుంబాలలో ఆ తట్టునుంచి వచ్చినవారు తక్కువేమీ కారు. వారికి పావగడ అంటే శనిమహాత్ముని గుడి, ఎత్తయిన కోట, వేరుశనగ చేలు, ఫ్లోరైడు నీళ్ళు గుర్తుకు వస్తాయి. నాకు వీటన్నిటికంటె ముందు గొర్రెల మంద గుర్తుకు వస్తుంది. నేను మెట్రిక్ చదివి గుమాస్తా పనిలో చేరినవాణ్ణి గాని, మా మేనమామ యిప్పటికీ మంద వెంట నడిచే మనిషి.

మనలో చాలామంది బిడ్డలు అమెరికాలో ఉన్నారు. అక్కడ ఇల్లు అమ్మివేసి, చక్రాల యింట్లోనే కాపురం పెట్టేవాళ్ళు ఉన్నారని వారు చెబుతూంటారు. వంటగది, పడక, స్నానాలగది అన్నీ ఒక్క బండిలోనే. వెంట కుక్క, బండి పైన పడవ. నది కనబడిన చోట ఆగి తెడ్డు వేస్తారు. పండుగకు కొడుకు ఇంటికో, కూతురు ఇంటికో పోయి పది రోజులుండి మళ్ళీ సాగిపోతారు. వాలీ బయామ్ అనే ఆయన 1931లో ఎయిర్‌స్ట్రీమ్ కంపెనీ స్థాపించి, వెండిలా మెరిసే బండి ఇళ్ళను తయారుచేశాడు. 1959లో నలభైకి పైగా అటువంటి బండ్లు ఆయనతో కలిసి దక్షిణాఫ్రికా కేప్‌టౌన్‌లో బయలుదేరి కైరో దాకా సాగినవి. అందరూ సరదాకే అలా తిరుగుతారని అనుకోకూడదు. 2008 ఆర్థిక సంక్షోభంలో ఇల్లూ ఉద్యోగమూ పోయి బండి ఎక్కినవాళ్ళ కథే 2021లో ఆస్కారు పొందిన ‘నోమాడ్‌లాండ్’ చిత్రం.

ఆ మాటలు విన్నప్పుడల్లా మా మామ కాపురమే నా కళ్ళముందు మెదులుతుంది. చక్రాలకు బదులు ఆయనకు కాళ్ళున్నవి, అంతే భేదం.

దీపావళి దాటి చేలు కోతకు వచ్చేసరికి మందలు కదులుతాయి. మా మామ, ఆయన తమ్ముడు కలిసి నూట ఎనభై గొర్రెలు తోలుకొని కల్యాణదుర్గం, రాయదుర్గం, బళ్ళారి మీదుగా తుంగభద్ర కాలువల కిందికి పోతారు. వరి కోసిన మళ్ళలో మేత దొరుకుతుంది. రాత్రి మంద నిలిపితే రైతుకు ఎరువు దొరుకుతుంది. ఒక రాత్రికి ఇంత అని ముందే మాట అవుతుంది. పూర్వం గింజలు కొలిచేవారు, ఇప్పుడు దుడ్డు ఇస్తారు. మృగశిర వానకు మళ్ళీ ఊరు చేరుతారు.

వారి సామాను చూస్తే మన ఇళ్ళల్లో ఎంత అనవసరపు సరుకు పెట్టుకొన్నామో తెలుస్తుంది. రెండు దబరలు, ఒక సంకటి కట్టె, రాగిపిండి మూట, ఊరుబిండి డబ్బా, నాలుగు కంబళ్ళు, ఒక టార్పాలిన్, మంద చుట్టూ కట్టే వల, దానికి గూటాలు, కొమ్మలు దించే పొడుగు కట్టె కొడవలి, మందుల పెట్టె. ఇదంతా ఒకప్పుడు గాడిదల మీద పోయేది. ఇప్పుడు దూరపు మజిలీలకు లగేజీ ఆటో మాట్లాడుకొని, సామానూ ఈనిన గొర్రెలూ పసిపిల్లలూ దానిలో పంపుతారు. సెల్‌ఫోనుకు కరెంటు కోసం అరచేయంత సౌరఫలకం గుడారం మీద పెట్టుకొంటారు. కంబళి మాత్రం ఎండకూ వానకూ చలికీ అన్నిటికీ అదే. మంచి కంబళి కావలెనంటే చళ్ళకెరె సంతకు పోవలసిందేనని మామ అంటాడు.

మంద కుక్కల మాట చెప్పకుండా ఉండలేను. అవి ముద్దుకు పెంచుకొన్నవి కావు, కాని ముద్దుకు లోటు లేదు. మా మామ దగ్గర ‘కరియ’ అని నల్లకుక్క ఉన్నది. దాని మెడకు ఇనుప మేకులున్న పట్టీ. తోడేలు మొదట పట్టేది మెడనే కాబట్టి ఆ జాగ్రత్త. మా ప్రాంతపు గడ్డి బీళ్ళల్లో తోడేళ్ళు ఇంకా తిరుగుతున్నవి. పక్కనున్న మధుగిరి తాలూకా మైదనహళ్ళి బీడును 2007లో కృష్ణజింకల రక్షణ కోసం ప్రత్యేకించినారంటే ఆ నేల ఎటువంటిదో ఊహించుకోవచ్చు. కరియకు మందలోని ప్రతి గొర్రెపిల్లా తెలుసు. సంకటిలో మొదటి ముద్ద దానికి పెట్టిన తర్వాతనే మామ చేయి కడుగుకొని కూర్చుంటాడు.

ఒక డిశంబరు సెలవుల్లో నా భార్యా పిల్లలతో వారిని చూడబోయినాను. మా అత్త ఊరినుంచి కజ్జికాయలు, వేరుశనగ ఉండలు కట్టి ఇచ్చింది. ఆనెగొందికి ఇవతల కోసిన మడిలో మంద ఆగి ఉన్నది. మా చిన్నమ్మాయి నలువైపులా చూచి, “తాతా, మీకు ఇల్లు లేదా?” అని అడిగింది. ఆయన నవ్వి, “ఉండాది తల్లీ, పావగడ తట్టు ఉండాది. ఇది నా ఆపీసు. మీ నాయనకుండేట్లే” అన్నాడు. ఆ రాత్రి గొర్రెపాలతో టీ తాగి, చుక్కల కింద కంబళి కప్పుకొని పడుకొన్నాము. పిల్లలు ఇంటికి పోదామన్న మాటే ఎత్తలేదు.

మరునాడు తుంగభద్రలో పుట్టి ఎక్కినాము. వెదురు అల్లిక, కింద తారు పూసిన పట్టా, చేత ఒకే తెడ్డు. పదహారవ శతాబ్దిలో, 1520 ప్రాంతాన విజయనగరం చూచిపోయిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ ఈ పుట్టిలను వర్ణించినాడు. అప్పట్లో పైన తోలు కప్పేవారట. పదిహేను ఇరవైమంది పట్టేవారట. గుర్రాలూ ఎద్దులూ కూడా దాటేవట. పుట్టి తిన్నగా పోదు, తిరుగుతూ పోతుందని ఆయన రాసినది నేటికీ నిజమే. తెడ్డు నా చేతికిచ్చి, “లాగొద్దప్పా, ముందుకు గీయి” అని పుట్టివాడు నేర్పినాడు. నేను గీసినంతసేపూ మా పిల్లలకు చుట్టూ కొండలే గిరగిర తిరిగినవి.

మా నది పెన్న అటువంటిది కాదు. నందికొండల్లో పుట్టి, గౌరిబిదనూరు మీదుగా హిందూపురం సీమ చేరి, మళ్ళీ పావగడ తాలూకాలో నాగలమడికను పలకరించి, పేరూరు వైపు ఆంధ్రలోకి పోతుంది. ఒడ్డున సుబ్రహ్మణ్యస్వామి. కుక్కె ఆది అయితే, ఘాటి మధ్య, నాగలమడిక అంత్యమని మన పెద్దల మాట. చాలా ఏళ్ళు ఇసుకే తప్ప నీరు కనబడదు. నది నిండితే మామకు పండుగే. మందను దూరం తోలే అవసరం తగ్గుతుంది గనుక.

ఇప్పుడు ఆ ఇంట్లో ఒక పెద్ద సమస్య వచ్చింది. తిరుమణి, వళ్ళూరు, బళసముద్రం, రాయచెర్లు, క్యాతగానచెరువు గ్రామాల నేలలో సుమారు 13,000 ఎకరాలమీద సౌరవిద్యుత్ పార్కు వెలసింది. 2018 మార్చిలో మొదలై, 2019 చివరకు 2,050 మెగావాట్ల స్థాయికి చేరింది. భూమిని కొనకుండా, ఎకరానికి ఏటా 21,000 రూపాయలతో మొదలుపెట్టి కౌలుకు తీసుకొన్నారు. వాన నమ్ముకొని అప్పులపాలైన రైతుకు అది పెద్ద ఆసరా; ఆ మాట కాదనను. కాని భూమి లేని కాపరికి కౌలు ఎవరిస్తారు? వాడి ఆస్తి పరుల బీట్లో మొలిచే గడ్డి. కంచె పడిన చోట ఆ గడ్డి వాడిది కాదు.

మామ కొడుకు, నాకు బావ, ముప్ఫై తొమ్మిదేళ్ళవాడు. “మంద అమ్మేసి లగేజీ ఆటో కొందాం నాయనా. బీడు తగ్గె. పిల్లోని చదువు ఉండాది. ఆరునెల్లు పెండ్లాం బిడ్డల మొగం చూడకుండా ఎన్నాళ్ళు?” అని అడిగినాడు. మామ తొందరగా జవాబు చెప్పలేదు. “ఆటో ఏటికేటికి పాతబడుతుంది. మంద ఏటికేటికి పిల్లబడుతుంది. నువ్వు చెప్పిందాంట్లో అబద్ధం లేదు. అయినా ఒక్కపారి అమ్మితే మళ్ళా తోవ తెలిసినోడు ఎవడుంటాడు?” అన్నాడు. ఇద్దరి మాటల్లోనూ న్యాయం ఉన్నది. కడకు సగం గొర్రెలు అమ్మినారు. పిల్లవాణ్ణి పావగడలో హాస్టలులో చేర్చినారు. మిగిలిన తొంభైతో రెండేళ్ళు చూతమని ఒప్పందం. కరియ మాత్రం సంతనాటి సాయంకాలం, అమ్ముడుపోయిన గొర్రెల కోసం వల చుట్టూ తిరుగుతూనే ఉన్నదట.

అమెరికాలోను, ఆస్ట్రేలియాలోను సౌరఫలకాల కింద గడ్డిని గొర్రెలచేతనే మేపిస్తున్నారు. ఫలకాలమీదికి గడ్డి ఎదగదు, గొర్రెకు నీడ దొరుకుతుంది, గడ్డి కోసే ఖర్చు కలిసివస్తుంది. మన పావగడలో ఆ పద్ధతి ఊరూరా పెడితే, కౌలు అందని కాపరికి కూడా ఆ వెలుగులో పాలు దక్కుతుంది. 2026ను గడ్డిమైదానాల, పశుపాలకుల అంతర్జాతీయ సంవత్సరంగా ఐక్యరాజ్యసమితి ప్రకటించింది. ఈ మాట పై అధికారుల చెవిన వేయడానికి అంతకంటె మంచి సందర్భం ఉండదు. సంఘాలలో పలుకుబడి ఉన్న మనవాళ్ళు ఒక అర్జీ రాసినా మేలే.

అంతవరకు మనం చేయగలిగినది ఒకటున్నది. దీపావళి దాటిన తర్వాత ఆ దారిన కారులో పోతుంటే, రోడ్డుకు అడ్డంగా మంద రావచ్చు. హారను కొట్టకండి. ఇంజను ఆపి ఐదు నిమిషాలు నిలవండి. ముందు నడిచే పెద్దాయనను, “ఏ ఊరప్పా?” అని తెలుగులో పలకరించండి. పావగడ అంటాడేమో, మన దగ్గరి చుట్టమే అయి ఉంటాడేమో, ఎవరు చెప్పగలరు?