మా గ్యారేజీలో కృత్తిక

మన ఊళ్ళో ఇంటికి వసారా ఎలాగో, అమెరికాలో ఇంటికి గ్యారేజీ అలాగన్నమాట. పేరుకి కారు పెట్టుకునే గది. చాలామంది ఇళ్ళల్లో కార్లేమో బయట ఎండలో మాడుతుంటాయి, లోపల బియ్యం బస్తాలూ, పాత పరుపులూ, బొమ్మలకొలువు అట్టపెట్టెలూ హాయిగా నీడపట్టున ఉంటాయి. డాలస్ పక్కన ప్లేనోలో ఉన్న మా ఇంట్లో మాత్రం రెండేళ్ళ నుంచీ గ్యారేజీలో ఒక కారు కాపరం చేస్తోంది. నా కారూ, మావారి కారూ బయటే. లోపలున్న మహారాణి మా అబ్బాయిది. 2004 మోడల్ సుబారు ఇంప్రెజా డబ్ల్యు.ఆర్.ఎక్స్. వాడికన్నా వయసులో పెద్దది. నీలం రంగు, బానెట్ మీద గాలి పీల్చుకోవడానికి ఒక పెద్ద నోరు, వెనక చిన్న రెక్క. పొద్దున్నే స్టార్టు చేస్తే వంటింట్లో స్టీలు గిన్నెలు గలగలమంటాయి.

సుబారు అంటే జపాను భాషలో కృత్తికా నక్షత్రాలట. బండి ముందున్న గుర్తులో ఆరు చుక్కలుంటాయి. కుమారస్వామికి పాలిచ్చి పెంచారని చెప్పుకునే మన ఆరుగురు కృత్తికలే! కంపెనీ వాళ్ళ లెక్క వేరే లెండి. 1953లో అయిదు కంపెనీలు కలిసి ఒక సంస్థ పెట్టుకున్నాయి కాబట్టి అయిదు చిన్న చుక్కలూ, ఒక పెద్ద చుక్కా. ఏదైతేనేం, ఆ సంగతి విన్న రోజునే బండికి కృత్తిక అని పేరు పెట్టేశాను.

వీడికి ఈ బండే ఎందుకు కావలసివచ్చిందయ్యా అంటే, అదో పురాణం. 1995లో కాలిన్ మెక్రే, 2001లో రిచర్డ్ బర్న్స్, 2003లో పెటర్ సోల్‌బెర్గ్ ఇంప్రెజాలు తోలే ప్రపంచ ర్యాలీ ఛాంపియన్లయ్యారట. మట్టి రోడ్ల మీద, మంచు మీద ఈ బండి పక్కకి జారుతూ పోయే వీడియోలు చూస్తూ పెరిగాడు. నాలుగు చక్రాలకీ ఇంజను బలం అందుతుంది. ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడే 227 గుర్రాల బలం. పెళ్ళయిన కొత్తలో మావారు నడిపిన మారుతీ 800కి నలభై గుర్రాలు కూడా లేవు. ఆ మాట ఆయనే అన్నారు, "నలభై లేకుండానే మనం తిరుపతి వెళ్ళొచ్చాం కదోయ్, వీడికి 227 చాలక ఇంకా పెంచుతానంటాడేమిటి?" అని.

అక్కడే వచ్చింది అసలు పేచీ. ఉన్న బండిని ఉన్నట్టు నడుపుకుంటే గొడవ లేదు. మావాడు పెద్ద సైలెన్సరు గొట్టం మార్చాడు, స్ప్రింగులు మార్చాడు, ల్యాప్‌టాప్ పెట్టి ఇంజను కంప్యూటర్లో లెక్కలు మారుస్తానన్నాడు. మావారు మాత్రం "అమ్మేసి బుద్ధిగా ఏదైనా మామూలు కారు కొనుక్కోమను" అంటారు. ఆయన కోపం డబ్బు గురించి కాదు. ఇరవై ఏళ్ళ కుర్రాడు, వేగంగా పోయే బండి. ఏ పిల్లాడికో ప్రమాదం జరిగిందని వాట్సాప్‌లో చదివిన రోజున ఆయన అన్నం సగంలో వదిలేసి లేస్తారు. నాకు మాత్రం భయం లేదా అంటే, చెప్పొద్దూ, ఆ బండి చప్పుడు వీధి మలుపులో వినపడేదాకా నాకూ నిద్ర పట్టదు.

కానీ నాకు ఒక సంగతి తెలుసు. మా పుట్టిల్లు విజయవాడ. మా మేనమామకి ఆటోనగర్‌లో లారీ ఇంజన్ల షెడ్డు ఉండేది. ఇంటర్ సెలవుల్లో అక్కడికి క్యారియరు పట్టుకెళ్ళేదాన్ని. బండిని తన చేత్తో విప్పి బిగించినవాడు దాన్ని తోలేటప్పుడు ఒళ్ళు దగ్గర పెట్టుకుంటాడని మామయ్య అనేవాడు. అందరి విషయంలో అది నిజమని నేను పూచీ పడను గానీ, మావాడి విషయంలో చూద్దామనుకున్నాను. మావారికి చెప్పాను, "అమ్మమంటే దాచుకుని ఇంకేదో చేస్తాడు. గ్యారేజీలో మన కళ్ళముందు చెయ్యనివ్వండి. నేనూ ఉంటాను" అని.

మావాడికీ షరతులు పెట్టాననుకోండి. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కింద దూరకూడదు. జాకీ లేపడానికే గానీ మొయ్యడానికి కాదు. రెండు పక్కలా ఇనప స్టాండ్లు పెట్టి, బండిని ఒకసారి గట్టిగా ఊపి చూసి, అప్పుడు పడుకోవాలి. నేను ఇంట్లో లేనప్పుడు ఆ పని అసలే వద్దు. పొగ గొట్టంలో విషవాయువుల్ని తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టరు అని ఒకటుంటుంది. దాన్ని తీసేస్తే బలం పెరుగుతుందని స్నేహితులు ఊదరపెడతారు. అది చట్టవిరుద్ధం, తీస్తే ఊరుకోనన్నాను. టెక్సాసులో మామూలు కార్లకి భద్రత తనిఖీ 2025 నుంచి ఎత్తేశారు గానీ మా కౌంటీలో పొగ పరీక్ష ఇంకా ఉంది. మార్చినవన్నీ ఇన్సూరెన్సు వాళ్ళకి చెప్పాలన్నాను. మూతి ముడుచుకున్నాడు కానీ చెప్పాడు. ప్రీమియం పెరిగింది, ఆ తేడా వాడే కట్టుకుంటున్నాడు.

అలా నేను శనివారాలు టార్చిలైటు పట్టుకునే ఉద్యోగంలో చేరాను.

ఈ ఇంజను వింతగా ఉంటుంది. మామూలు కార్లలో పిస్టన్లు చాలావరకు నిలువుగా కిందికీ మీదికీ ఆడతాయి. ఇందులో అడ్డంగా పడుకుని, అటు రెండు ఇటు రెండు, బాక్సింగ్ పోటీలో పిడిగుద్దుల్లాగా పక్కలకి ఆడతాయి. బరువంతా కిందికి ఉంటుంది కాబట్టి మలుపుల్లో బండి తూలదట. బాగానే ఉంది గానీ, స్పార్క్ ప్లగ్గులు ఎక్కడో పక్కల్లో ఇరుక్కుని ఉంటాయి. నాలుగు ప్లగ్గులు మార్చడానికి వాడికి ఒక పూట పట్టింది. చెయ్యి గీరుకుపోయింది.

ఇంక టర్బో. ఇది ఉండబట్టే ఈ బండికి అంత పేరు. ఇంజన్లోంచి పొయ్యే పొగ ఊరికే పోకుండా ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకి రెండో చివర ఇంకో చక్రం ఉంటుంది. అది బయటి గాలిని లాగి ఇంజన్లోకి కుక్కుతుంది. గాలి ఎక్కువైతే పెట్రోలూ ఎక్కువ కాలచ్చు, బలం పెరుగుతుంది. సైకిలు పంపు కొడితే అడుగున వేడెక్కడం మనకి తెలిసిందే. ఇక్కడా అంతే, కుక్కిన గాలి వేడెక్కుతుంది. దాన్ని చల్లబరచడానికి ఇంజను మీద ఒక జల్లెడ లాంటిది ఉంటుంది. బానెట్ మీద నోరు దాని కోసమే, సోకు కోసం కాదు.

ఆ టర్బో చక్రం నిమిషానికి లక్ష చుట్ల పైన తిరుగుతుంది. దాని ఇరుసుని అరిగిపోకుండా కాపాడేది పల్చటి నూనె పొర. అందుకని మావాడు ఇంజనాయిలు విషయంలో మా అత్తగారి మడి కన్నా ఎక్కువ పట్టింపుగా ఉంటాడు. 3000 మైళ్ళు దాటగానే మార్చాల్సిందే. పొద్దున్న ఇంజను వేడెక్కేదాకా యాక్సిలరేటరు గట్టిగా తొక్కడు. జోరుగా తోలి వచ్చిన రోజు వెంటనే ఆపెయ్యకుండా ఒక నిమిషం అలాగే తిరగనిస్తాడు. నూనె మార్చినప్పుడు పాత ఫిల్టరుని డబ్బా కోసినట్టు కోసి, లోపలి కాగితం మడతలు విప్పి, వెలుతురులో పెట్టి చూస్తాడు. ఇత్తడి రంగు మెరుపు గానీ కనిపించిందా, లోపల బేరింగులు అరుగుతున్నట్టు. ఆ పని నాకిచ్చాడు. బియ్యంలో రాళ్ళు ఏరిన కళ్ళు కదా! పాత నూనె డ్రమ్ములో పోసుకెళ్ళి కారు సామాన్ల షాపులో ఇస్తే ఊరికే తీసుకుంటారు. కాలవలో పొయ్యకూడదు. అన్నట్టు, చేతులకి పట్టిన గ్రీజుకి కాస్త కొబ్బరినూనె, గుప్పెడు పంచదార వేసి రుద్దుకుని, తర్వాత సబ్బుతో కడుక్కుంటే పోతుంది. మీ ఇంట్లో స్కూటరు బాగు చేసుకునేవాళ్ళుంటే చెప్పండి.

కిందటేడు బండి మైలేజీ పడిపోయింది. పొగ గొట్టం చివర నల్లగా మసి. వాడు రెండు రోజులు ల్యాప్‌టాప్ ముందు కూర్చుని తల పట్టుకున్నాడు. ఇంజన్లోకి వెళ్ళే గాలిని మొదట్లోనే ఒక పరికరం తూచి, దానికి తగ్గ పెట్రోలు పోయిస్తుంది. తూచిన తర్వాత దారిలో ఏ గొట్టంలోనో గాలి కారిపోతే పెట్రోలు ఎక్కువైపోతుంది. కూలీల లెక్కకి అన్నం వండాక సగం మంది రాకపోయినట్టు. మరి ఎక్కడ కారుతోంది? గాలి దారి మూసి, పంపుతో లోపలికి గాలి నింపి, అన్ని అతుకుల మీదా సబ్బునీళ్ళు చల్లాలన్నాడు. నాకు నవ్వొచ్చింది. గ్యాసు సిలిండరు మార్చిన ప్రతిసారీ రెగ్యులేటరు దగ్గర మనం చేసేది అదేగా! సబ్బునీళ్ళు నేనే కలిపాను. వాడు కింద వెతుకుతున్నాడు, నేను పైన. గాలిని చల్లబరిచే జల్లెడ వెనకాల, రబ్బరు గొట్టం మడతలో చిన్న చిన్న బుడగలు లేచాయి, పాలు పొంగే ముందు గిన్నె అంచున లేచినట్టు. "ఒరేయ్, ఇదిగో!" అన్నాను. గొట్టం తీసి చూస్తే వెంట్రుకంత చీలిక. కొత్తది వేశాడు, మసి పోయింది. ఆ రోజు నుంచీ నన్ను "చీఫ్ ఇంజనీరు" అంటున్నాడు.

తర్వాత వచ్చింది అసలు పరీక్ష. ఫ్యాక్టరీ వాళ్ళు ఈ టర్బో సుమారు 13.5 పౌండ్ల ఒత్తిడితో గాలి కుక్కేలా పెట్టారు. మావాడు దాన్ని 17కి పెంచి, ప్లగ్గు వెలిగే సమయం కూడా ముందుకి జరిపాడు. దాన్ని పరీక్షించాలంటే యాక్సిలరేటరు పూర్తిగా తొక్కి లెక్కలు రాసుకోవాలి. "తెల్లవారుజామున ఫ్రీవే ఖాళీగా ఉంటుందమ్మా" అన్నాడు. ఒక్కటే మాట చెప్పాను, "రోడ్డు మీద వద్దు నాన్నా, ఎన్ని డబ్బులైనా సరే." డైనో అని ఒక యంత్రం ఉంటుంది. కారుని పట్టాలతో నేలకి కట్టేసి, చక్రాలు రోలర్ల మీద తిరుగుతుంటే బలం కొలుస్తారు. గంటకింత అని అద్దె. సగం నేనిచ్చాను.

ఆగస్టు నెల, బయట 103 డిగ్రీలు, అంటే మన లెక్కలో 39 పైన. ఆ షెడ్డులో బండి అరిచిన అరుపుకి నా గుండెలు జారిపోయాయి. తెర మీద గుర్రాల గీత పైకి పోతోంది. కుర్రాళ్ళంతా దాన్నే చూస్తున్నారు. మావాడు మాత్రం ల్యాప్‌టాప్‌లో ఇంకో వరస చూస్తున్నాడు. అక్కడ సున్నా ఉండాలి. మైనస్ 1.4 వచ్చింది, ఇంకోసారి తొక్కితే మైనస్ 2.8. అంటే ఇంజను కొట్టుకుంటోందన్నమాట. పెట్రోలు సక్రమంగా కాలకుండా, వేడికి దానంతటదే భగ్గుమని అంటుకుని పిస్టన్ని సుత్తితో మోదినట్టు మోదుతుంది. ఆ చప్పుడు వినే సెన్సరు ఒకటుంది. అది వినగానే కంప్యూటరు ప్లగ్గు వెలిగే సమయాన్ని కాస్త వెనక్కి లాగుతుంది. ఇలాగే నడిపితే ఏదో ఒక రోజు పిస్టను పగులుతుంది. ఇంజను విప్పి కట్టడమంటే బండి కొన్న ధరంత!

"చలికాలంలో అయితే పరవాలేదు" అన్నాడెవరో. ఇంకొకడు రేసు పెట్రోలు కలపమన్నాడు. మావాడు నా వంక చూశాడు. "ఇది రోజూ నువ్వు కాలేజీకి వెళ్ళే బండి, ఎండాకాలం కూడా వెళ్ళాలి కదా" అన్నాను. అంతకన్నా నాకు తెలిసిందీ లేదు. వాడు కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఒత్తిడి 15కి దించాడు, ప్లగ్గు సమయం రెండు డిగ్రీలు వెనక్కి జరిపాడు. మళ్ళీ తొక్కాడు. గుర్రాలు తగ్గాయి, ఆ వరసంతా సున్నాలు వచ్చాయి. ఇంకా రెండుసార్లు తొక్కి, సున్నాలేనని చూసుకుని, అప్పుడు బండి దించాడు. దార్లో స్నేహితుడెవరో ఫోన్ చేసి ఎంత వచ్చిందని అడిగితే, "తగ్గించానురా" అన్నాడు. సిగ్గుపడుతూ చెప్పలేదు, మామూలుగా చెప్పాడు. ఆ రాత్రి నేను మావారికి డైనో కాగితం ఇవ్వలేదు, ఆ ఒక్క మాట చెప్పాను. ఆయన ఏమీ అనలేదు. అమ్మెయ్యమని అడగడం మాత్రం మానేశారు.

వేగం సరదా పూర్తిగా పోయిందని కాదు. నెలకోసారి ఆటోక్రాస్‌కి వెళతాడు. పెద్ద ఖాళీ స్థలంలో ప్లాస్టిక్ కోన్లు పెట్టి, హెల్మెట్టు పెట్టుకుని, ఒక్కొక్క బండి విడివిడిగా గడియారంతో పోటీ పడుతుంది. కోను తగిలితే రెండు సెకన్లు జరిమానా. వెళ్ళి చూశాను. నాకైతే ముగ్గు తొక్కకుండా వాకిట్లో సైకిలు తొక్కినట్టనిపించింది. పోటీకి వచ్చిన ఆడపిల్లలు బాగా తోలుతున్నారు, అది చూసి సంతోషమేసింది.

ఇప్పుడు బండి 1,05,000 మైళ్ళకి వచ్చింది. టైమింగ్ బెల్టు మార్చాలి. అది తెగినా, పళ్ళు తప్పు గుర్తుల్లో కూర్చున్నా వాల్వులు వెళ్ళి పిస్టన్లకి తగులుతాయి, ఇంజను పోయినట్టే. బెల్టు, చక్రాలు, వాటర్ పంపు అన్నీ పెట్టె నిండా వచ్చి కూర్చున్నాయి. బెల్టు మీద గీతల మధ్య పళ్ళు లెక్కపెట్టి సరిచూసుకోవాలట. మావారు అకౌంటెంటు. నిన్న రాత్రి ఆ కాగితాలు తెచ్చుకుని కళ్ళజోడు పెట్టుకుని చదువుతున్నారు, "లెక్కపెట్టేది ఇద్దరుంటే మంచిది" అంటూ. శనివారం ఎనిమిదింటికి మొదలు. మధ్యలో చేతులు కడుక్కునే తీరిక ఉండదు కాబట్టి పులిహోర కలిపి, స్పూన్లు వేసి గ్యారేజీలోనే పెట్టేస్తాను.