దూరదేశపు జమాఖర్చు

వార్షిక సంచికకు ఏదేని వ్రాసి యిమ్మని విద్యార్థి సంపాదకులు కోరినప్పుడు, వాణిజ్యశాస్త్రము బోధించువారము గనుక బ్యాంకులను గూర్చియో, పన్నులను గూర్చియో వ్రాయవలెనని తొలుత తలచితిమి. కాని చివరి సంవత్సరపు విద్యార్థులు ఏటేట మమ్ము తప్పక అడుగు ప్రశ్న యొకటి కలదు: "సార్, గల్ఫునకు పోవుట మంచిదా, కాదా?" ఆ ప్రశ్న ఒకనాడు మా గుమ్మమునే త్రొక్కినది. అప్పుడు మేము వేసికొన్న లెక్కను ఇక్కడ దాపరికము లేక విప్పి చూపుచున్నాము.

2023 వేసవిలో రియాద్ నగరమందలి ఒక వ్యాపార సంస్థ మాకు అకౌంటెంటు ఉద్యోగ మిచ్చుటకు అంగీకరించినది. జీతము నెలకు 5,500 రియాళ్ళు. ఆనాడు రియాలు విలువ సుమారు 22 రూపాయలు; అనగా 1,21,000 రూపాయలు. ఇక్కడి మా జీతమునకు అది మూడింతలు. పైగా సౌదీ అరేబియాలో జీతముపై ఆదాయపు పన్ను లేదు. అంతకు ముందటి యేడు మా తల్లిగారి గుండె శస్త్రచికిత్సకై నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీతో తెచ్చిన 4,00,000 రూపాయల అప్పు మా తలపై నున్నది. నెలనెలా వడ్డీయే 8,000. నియామక పత్రము వచ్చిన రాత్రి మాకు నిద్ర పట్టలేదు. అది సంతోషము వలననే.

మరునాడు తెల్ల కాగితముపై నిలువుగా గీత గీసి కూర్చుంటిమి. రియాద్‌లో పదునైదేండ్లుగా నున్న మా మేనమామ కుమారుడు ఫోనులో ధరలు చెప్పుచుండగా వ్రాసికొంటిమి. రెండు గదుల యింటి అద్దె ఏటికి 24,000 రియాళ్ళు, ఆరు నెలలది ముందుగా చెల్లింపు, నెలకు 2,000. పిల్ల లిద్దరి బడిజీతములు, బస్సు కలిపి 900. తిండికి 1,300. రాకపోకలకు 400. విద్యుత్తు, ఫోను 300. ఇంతవరకు 4,900. ఫరవాలేదనుకొంటిమి. అంతలో అతడు, "భాయ్, మనుషుల రుసుము వేసినావా?" అని అడిగినాడు.

ఆ రుసుము సంగతి విద్యార్థులు తెలిసికొనదగినది. 2017 జూలై నుండి ఆ దేశ ప్రభుత్వము విదేశీ ఉద్యోగుల భార్యాబిడ్డలపై తలకు నెలకు 100 రియాళ్ళ చొప్పున రుసుము విధించినది. అది ఏటికి వంద చొప్పున పెరిగి 2020 నాటికి 400 అయినది. ఇఖామా యను నివాసపత్రమును పునరుద్ధరించునప్పుడు ఇది కట్టవలెను. ఆ కారణముననే తెలుగునాటివా రనేకులు తమ కుటుంబములను వెనుకకు పంపివేసిరి. 2018లో 5 శాతముగా ప్రవేశించిన విలువ ఆధారిత పన్ను సైతము 2020 జూలైలో 15 శాతమైనది. మా గృహిణికి, పిల్ల లిద్దరికి కలిపి 1,200 రియాళ్ళు చేర్చగా మొత్తము 6,100. వచ్చునది 5,500. నెలకు 600 లోటు!

అప్పుడు కాగితమును త్రిప్పి, ఒంటరిగా పోయినచో నేమగునో వ్రాసితిమి. కంపెనీవారి గదిలో ఒక మంచము ఉచితము. మా ఖర్చు 1,000. మిగిలిన 4,500 రియాళ్ళు, అనగా 99,000 రూపాయలు, ఇంటికి వచ్చును. ఇక్కడి సంసారమునకు 30,000 పోను 69,000 మిగులును. ఏడు నెలలలో అప్పు తీరును. లెక్క చక్కగా కుదిరినది. కుటుంబమును ఒక వరుసనుండి కొట్టివేసినందుననే కుదిరినదని మాకు వెంటనే తోచలేదు.

తోపించినది మా తండ్రిగారి జ్ఞాపకము. వారు 1981లో కర్నూలునుండి గుంతకల్లు పోయి, అక్కడ బొంబాయి రైలెక్కి, బొంబాయినుండి విమానములో జెద్దా చేరినారు. "రెండేండ్లు మాత్రమే" అని చెప్పి వెళ్ళినారు. తిరిగి వచ్చినది 1993లో. ఆ పండ్రెండేండ్లలో సెలవుపై ఐదు మార్లు వచ్చినారు, వచ్చినప్పుడెల్ల రెండేసి నెలలు. మొత్తము పది నెలలు. చదువు రాని మా నాయనమ్మ కొరకు మాటలను క్యాసెట్టులో పట్టి పంపెడివారు. మా తల్లిగారు మా పాదములను కాగితముపై పెట్టించి, పెన్సిలుతో చుట్టు గీసి, ఆ కాగితమును ఉత్తరములో పంపెడివారు. ఒక మారు సెలవు ఎనిమిది నెలలు వెనుకకు జరిగినది. వారు తెచ్చిన బూట్లు మాకు పట్టలేదు. తండ్రిగారు ఆ కాగితమును తీసి బూటు క్రింద పెట్టి చూచినారు. గీతకు సరిగా సరిపోయినది. వారు చాలసేపు ఏమియు మాటలాడలేదు.

అయినను కృతఘ్నులము కాజాలము. మేము నేడున్న యిల్లు, మా చెల్లెలి వివాహము, ఈ కళాశాలలో మేము కట్టిన ఫీజు, అన్నియు ఆ రియాళ్ళే.

కుటుంబ నివాసము, రుసుము భరించగలరా యని సంస్థకు వ్రాసితిమి. వీలుపడదని రెండు పంక్తులలో జవాబు వచ్చినది. మా తల్లిగారు, "నా కోసమని పోవద్దు, నా కోసమని ఆగవద్దు" అన్నారు. మా గృహిణి అడిగినది ఒక్కటే: "అప్పు తీరిన నెలలోనే వచ్చెదనని కాగితముపై వ్రాసి యిత్తురా?" కలము చేతిలోనే యుండెను. వ్రాయలేకపోతిమి.

ఆ ఉద్యోగమును వదలుకొంటిమి. తండ్రిగారు జెద్దా సంపాదనతో కొన్న చిన్న స్థలమును 2,50,000కు అమ్మి అప్పులో జమచేసితిమి. వారు దూరముగా నున్న యేండ్లే మమ్ము ఇంట నిలిపినవి. మిగిలిన బాకీని సాయంకాలపు ట్యూషన్లతో తీర్చుచున్నాము. ఇంకను 60,000 కలదు. వడ్డీ కట్టు దినమున, తప్పు చేసితిమేమో యను సందేహము నేటికిని కలుగును. అది దాచుట న్యాయము కాదు.

విద్యార్థి మిత్రులారా, పోవలదని మేము చెప్పుట లేదు. పోవలసిన యిండ్లు కలవు. పోయి నిలబెట్టిన యిండ్లును కలవు. ప్రభుత్వమువద్ద నమోదు గాని ఏజెంటుకు ఒక్క రూపాయి యైనను ఇయ్యకుడు. జీతమును రూపాయలలోనికి మార్చి మురియుటకు ముందు, ఆ ఊరి అద్దెను, రుసుమును, బడిజీతమును ఆ నాణెములోనే తీసివేయుడు. ఆ జీతము ఒక మనిషికా, ఒక కుటుంబమునకా యని విచారింపుడు. పిదప ఇంటివారితో గడుపగల దినములెన్నియో మరియొక వరుసలో వ్రాసికొనుడు. మా తండ్రిగారి లెక్కలో ఆ వరుస లేదు. మా లెక్కలో దానిని చేర్చినది వారి బూట్ల కాగితమే.